అడవిలో ఎవర్ని అడుగుతావు?

ఆల్గాంక్విన్ అడవి లోపలికి ఆవకాయ సీసా తీసుకెళ్ళకూడదు. కోపం ఆవకాయ మీద కాదు, సీసా మీద. దుకాణంలో కొన్న గాజు సీసాలు, రేకు డబ్బాలు, తాగి పారేసే బాటిళ్ళు, వీటిని రోడ్డు చేరని లోపలి భాగంలోకి రానివ్వరు. స్టవ్వు ఇంధనానికీ, మందులకీ, దోమల మందుకీ మాత్రం మినహాయింపు. నిండు సీసాని ఇష్టంగా మోసుకెళ్ళిన మనిషి ఖాళీ సీసాని వెనక్కి మోసుకురాడని పార్కువాళ్ళు ఏనాడో గ్రహించారు. ఆ నిబంధన చదివి వినిపించగానే మా ఆవిడ, "అయితే ప్లాస్టిక్ డబ్బాలోకి మారుస్తాలెండి," అని వంటింట్లోకి వెళ్ళింది. మిగతా సర్దుడంతా ఆ తర్వాతే.

టొరంటో నుంచి ఉత్తరంగా సుమారు మూడు గంటలు కారు నడిపితే వస్తుంది ఈ పార్కు. 1893లో పెట్టారు. విస్తీర్ణం 7,600 చదరపు కిలోమీటర్ల పైమాటే. మా పాత కృష్ణా జిల్లా కంటే కాస్త చిన్నది, అంతే. దక్షిణం వైపున 60వ నంబరు హైవే అడ్డంగా పోతుంది. దాని పక్కన కారు ఆపి గుడారం వేసుకునేవాళ్ళ సంగతి వేరు. మేం వెళ్ళదలచుకున్నది 'ఇంటీరియర్' అని ఇక్కడివాళ్ళు పిలిచే లోపలి అడవికి. అక్కడికి నడిచైనా పోవాలి, తెడ్డు వేసుకుంటూ కనూ అనే పడవ మీదైనా పోవాలి. 2,000 కిలోమీటర్లకు పైగా నీటిదారులున్నాయట. సరస్సుకీ సరస్సుకీ మధ్య నేల అడ్డం వస్తే పడవని భుజానికెత్తుకుని నడవాలి. ఆ నడిచే దారి పేరు పోర్టేజ్. దాని మొదట్లో పసుపు రంగు బోర్డు మీద దూరం మీటర్లలో రాసి ఉంటుంది. మాకు తగిలే మొదటి పోర్టేజ్ కనూ లేక్ నుంచి జో లేక్‌కి, 300 మీటర్ల లోపు. ఊళ్ళో అయితే ఆ దూరానికి చెప్పులు కూడా వెతుక్కోం.

మే, జూన్ నెలల్లో నల్లీగలు మనుషుల్ని పీక్కు తింటాయని, ఆ తర్వాత దోమలు ఆ పని అందుకుంటాయని చెప్పి, మా అమ్మాయి సెప్టెంబరు మొదటి వారం లాంగ్ వీకెండ్ ఖాయం చేసింది. ఐదు నెలల ముందు రిజర్వేషన్లు మొదలవుతాయి. ఏప్రిల్లో పొద్దున్నే లేచి చోటు పట్టింది కూడా తనే. ఈ ప్రయాణానికి పెద్ద ఆవిడే. పదిహేడేళ్ళ పిల్ల. వేసవి క్యాంపులకు పోయి కనూ నడపడం, మోయడం, తడిసిన కట్టెలతో నిప్పు రాజేయడం నేర్చుకుంది. నాకు వచ్చినదల్లా ఈత, అదీ కొల్లేటి పక్క పంటకాలవల్లో నేర్చినది. కాబట్టి డ్రాయింగ్ రూములో సోఫాలు గోడవారకి జరిపి, సామానంతా నేల మీద పరిచి, నేను ఒక్కొక్కటే చూపిస్తుంటే ఆవిడ కుర్చీలో కూర్చుని తీర్పులు చెప్పింది. మా బావమరిది, వాడి కొడుకు కూడా వస్తున్నారు. రెండు కనూలు, నలుగురం. వాళ్ళు బ్రాంప్టన్‌లో వాళ్ళింట్లో వాళ్ళు సర్దుకుంటున్నారు.

"నాన్నా, ఇవన్నీ కారులో పడతాయి. కనూలోనూ పడతాయి. నీ వీపు మీద పట్టవు," అంది అమ్మాయి, గుట్టని చూసి.

కనూతో చిక్కే అది. దేన్నీ కాదనదు. పదహారడుగుల కనూలో ఇద్దరు ఎక్కాక కూడా నడిమధ్య బోలెడు చోటు మిగులుతుంది. మడత కుర్చీ పెట్టినా, ఐసుపెట్టె పెట్టినా, మా అత్తగారిచ్చిన ఇనప పెనం పెట్టినా కాస్త కిందికి దిగుతుంది తప్ప గొణగదు. నీటి మీద ఉన్నంతసేపూ బరువు సంగతి తెడ్డుకి పెద్దగా తెలియదు. అవతలి గట్టు తగలగానే మొత్తం లెక్క ఒక్కసారి ముందు పెడుతుంది. వీపున మోసుకుని కొండలెక్కేవాడికి మొదటి అడుగు నుంచే బరువు బుద్ధి చెబుతుంది కనక వాడు ఇంటి దగ్గరే జాగ్రత్త పడతాడు. పడవవాడు పడవని నమ్ముకుని చెడతాడు.

పోర్టేజ్ లెక్క చిన్నపిల్లలకు కూడా అర్థమయ్యేదే, పెద్దవాళ్ళే మర్చిపోతారు. సామానంతా ఒక్క విడతలో మోస్తే 300 మీటర్ల దారి 300 మీటర్లే. రెండు విడతలైతే పోను ఒకసారి, ఖాళీగా వెనక్కి ఒకసారి, మళ్ళీ పోను ఒకసారి, మొత్తం 900. మూడు విడతలైతే 1,500. మడత కుర్చీ బరువు రెండు కిలోలే కావచ్చు. దాని కోసం ఇంకో విడత నడవాల్సి వస్తే దాని అసలు ఖరీదు 600 మీటర్లు. పైగా కనూ తనే ఒక సామాను. కెవ్లార్‌తో చేసినది 20 కిలోలకి అటూ ఇటూగా ఉంటుంది, పాత అల్యూమినియంవి 30 దాటతాయి. దాన్ని తలకిందులుగా ఎత్తి, మధ్యలో ఉండే అడ్డకర్రని మెడ వెనక భుజాల మీద ఆనించుకుని నడవాలి. అద్దె ఎక్కువైనా కెవ్లార్‌దే మాట్లాడమంది అమ్మాయి. నేను మారు మాట్లాడలేదు.

పరదేశంలో ఉన్న తెలుగువాడికి తూకం కొత్త కాదు. మా ఇళ్ళల్లో దేవుడి గది లేకపోయినా సూట్‌కేసు వేలాడదీసి తూచే చిన్న కాటా ఉంటుంది. 23 కిలోలు అన్న అంకె మాకు మంత్రం. ఆ బరువుకి 200 గ్రాములు తక్కువగా ఎలా సర్దాలో, పైన వచ్చినదాన్ని కోటు జేబుల్లోకి ఎలా తోయాలో మా తరానికి చేతనైనంతగా ఎవరికీ చేతకాదు. కానీ ఆ విద్య ఇక్కడ పనికి రాలేదు. అక్కడ హద్దు ఎవరో పెడతారు, మనం దాని అంచుదాకా నింపుతాం. ఇక్కడ హద్దు పెట్టేవాడు లేడు. హద్దు లేని చోట ఏది చాలు అన్నది తేల్చుకోవడం ఎట్లాగో తెలియక, నేను చేతికి దొరికినవన్నీ పరిచాను.

ఆ సమయానికే మా అమ్మ ఫోను. కైకలూరులో అప్పటికి రాత్రి పదయింది. వీడియోలో నేల మీద సామాను చూసి, "ఇదంతా ఏవిట్రా, కాపురం మారుస్తున్నారా?" అంది. సంగతి చెప్పాను. ఈత వచ్చు కదా అని పడవ గురించి బెంగ పెట్టుకోలేదు. కాసేపు ఆలోచించి, "ఉప్పు రెండు చోట్ల పెట్టుకో నాయనా. ఒకటి తడిసినా ఒకటి ఉంటుంది. అడవిలో ఎవర్ని అడుగుతావు?" అంది.

సర్దుకోవడం మీద నేను చదివిన జాబితాలన్నింటిలోనూ లేని మాట అది. ఎవర్ని అడుగుతావు? మా ఊళ్ళో ఏ ఇంట్లోనూ అన్నీ ఉండేవి కావు, అన్నీ ఉండాలని ఎవరూ అనుకునేవారూ కారు. కాఫీపొడి అయిపోతే గిన్నె పట్టుకుని పక్కింటికి వెళ్ళేవాళ్ళం. మర్నాడు అదే గిన్నెలో తలకొట్టు పైకి వచ్చేలా తిరిగిచ్చేవాళ్ళం. వీధి మొత్తానికి ఒక పెద్ద నిచ్చెన. పెళ్ళి గుండిగలు ఎవరింట్లో ఉన్నాయో అందరికీ తెలుసు. మామిడికాయలు కొట్టే కత్తిపీట ఎండాకాలం నెలరోజులూ ఒక ఇంట నిలవకుండా తిరుగుతూనే ఉండేది. మా తాతయ్య తాటిదోనె వేసుకుని కొల్లేట్లో లంక నుంచి లంకకి పోయేటప్పుడు ఆయన వెంట ఉండేది గెడ, చద్దిమూట, నాలుగు చుట్టలు. తుఫాను పట్టుకుంటే ఏ లంకలో దిగినా చుట్టం వరస ఒకటి తగిలేది, పొడిపంచె ఒకటి దొరికేది. ఆయన్ని నిరాడంబరుడని ఎవరూ మెచ్చుకోలేదు. ఆయనకి సరిపడా సామాను ఉంది. అది కొల్లేటి చుట్టూ ఇళ్ళల్లో పరుచుకుని ఉంది, అంతే తేడా. తక్కువ వస్తువులతో బతకడం గురించి ఈమధ్య ఉపన్యాసాలిస్తున్న వాళ్ళని చూస్తే నాకు ఒక సందేహం: వీళ్ళలో ఎంతమంది ఇరవైనాలుగ్గంటలూ తెరిచుండే దుకాణానికి కూతవేటు దూరంలో ఉంటున్నారని.

అమ్మ మాట పట్టుకుని చూస్తే పాత ప్రయాణాల లెక్కలు కొత్తగా అర్థమవుతాయి. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగొచ్చారు. డేరాలు, బోయీలు, పెద్ద పరివారం. అంత బలగం ఉన్న మనిషి కూడా మజిలీ మజిలీకీ తన యాత్ర పుస్తకంలో రాసిపెట్టుకున్నదేమిటయ్యా అంటే, ఇక్కడ నీళ్ళ వసతి ఎలా ఉంది, అంగళ్ళు ఉన్నాయా, కావలసిన సామాను దొరుకుతుందా అని. బడిలో ఆ పుస్తకం గురించి చెప్పినప్పుడు ఇదేం యాత్ర, ఇది పచారీ చిట్టా కదా అనుకున్నాను. ఇప్పుడు అది ఎవర్ని అడగొచ్చో తెలిపే పటంలా కనిపిస్తోంది. తర్వాత వెళ్ళేవాడు ఆ పటం చూసి, రెండు మజిలీలకి చాలే బియ్యం మోస్తే సరిపోతుందో, ఐదింటికి మోయాలో తేల్చుకోవచ్చు.

అమెరికాలో తేలికపాటి ప్రయాణానికి ఆదిగురువు అని చెప్పుకునే జార్జ్ వాషింగ్టన్ సియర్స్‌ది ఇంకా తమాషా. నెస్‌మక్ అన్న కలం పేరుతో రాసేవాడు. అరవై దాటిన వయసు, ఊపిరితిత్తుల జబ్బు, బక్కపలచని మనిషి. 1883లో ఆయన అడిరోండాక్ అడవుల్లో తిప్పిన తొమ్మిదడుగుల కనూ బరువు పదిన్నర పౌన్లు, అంటే ఐదు కిలోలకు కూడా కాస్త తక్కువ. పడవతో, దుప్పటితో, గొడ్డలితో కలిపి తన మొత్తం మోత 26 పౌన్లు దాటలేదని మరుసటి ఏడు వేసిన 'వుడ్‌క్రాఫ్ట్' పుస్తకంలో రాసుకున్నాడు. 12 కిలోలన్నమాట. మా అమ్మాయి క్యాంపులో ఆయన్ని దేవుడిలా చెబుతారట. కానీ ఆ లెక్కలో తిండి రెండు రోజులకే ఉంది. అప్పటికే అడిరోండాక్ నిండా హోటళ్ళు, గైడ్ల గుడిసెలు. రెండు రోజులు తిరిగేసరికి ఎక్కడో ఒకచోట తలుపు తట్టొచ్చు. ఆయన ఘనతని తగ్గించాలని కాదు. ఆ 12 కిలోల్లో కనిపించని కిలోలు వేరేవాళ్ళ అటకల మీద ఉన్నాయని మాత్రం గుర్తు పెట్టుకోవాలి.

ఇదే సరస్సుల దేశంలో రెండొందల ఏళ్ళ కిందట బొచ్చుతోళ్ళ వ్యాపారానికి పడవలు తోలిన ఫ్రెంచి కూలీలు, వాయజర్లు అంటారు వాళ్ళని, పోర్టేజ్ మీద 90 పౌన్ల మూటలు రెండేసి ఒక్కసారి మోసేవారు. రెండూ కలిపి 80 కిలోల పైనే. నుదుటికి తోలుపట్టీ తగిలించి వీపు మీదికి వేలాడదీసుకునేవారు. అంత మోసినవాళ్ళు కూడా తమ తిండి మొత్తం తాము మోయలేదు. మొక్కజొన్నలు, అడవి బియ్యం, ఎండుమాంసమూ కొవ్వూ కలిపి దంచిన పెమ్మికన్, ఇవన్నీ దారిలో ఆదివాసుల దగ్గరా, మిశ్రమ సంతతివాళ్ళైన మేటీల దగ్గరా కొనుక్కున్నవే. వాళ్ళ వ్యాపార సామ్రాజ్యం అంతా అవతలివాడు తిండి పెడతాడన్న ధీమా మీద నడిచింది.

ఇక అసలు ఈ నేల ఎవరిదో ఆ ఆల్గాంక్విన్ జనం సంగతి. వాళ్ళు బర్చ్ చెట్టు బెరడు ఒలిచి కనూ కట్టేవారు, స్ప్రూస్ వేళ్ళతో కుట్టేవారు, దాని బంకతో అతుకులు పూసేవారు. రాయి తగిలి పడవ చిరిగితే ఒడ్డుకి లాగి, అక్కడి చెట్టు బెరడుతో అక్కడే మాసిక వేసేవారు. నా సంచీలో ఇప్పుడు ఆ పనికి ఉన్నది డక్ట్ టేపు చుట్ట. వాళ్ళు అడవినే అడిగి తెచ్చుకునేవాళ్ళు కనక గుడారం కర్రలు మోయలేదు, మాసికకు సామాను మోయలేదు. నాకు ఆ చెట్టు ఏదో తెలియదు, తెలిసినా అడగడానికి వీల్లేదు: పచ్చని చెట్టు నరకకూడదు, బర్చ్ బెరడు ఒలవకూడదు, నేల మీద పడిన ఎండుపుల్లలే ఏరుకోవాలి. ఏటా వేలమంది వెళ్ళే చోట ఆ నిబంధన న్యాయమే. వచ్చిన ప్రతివాడూ తలా ఒక చెట్టుని బదులడిగితే తిరిగిచ్చేదెవరు? అయితే దీన్ని మనిషి అడుగుపెట్టని అడవి అని కరపత్రాలు వర్ణించడం మాత్రం నాకు నచ్చదు. ఆ జనం ఈ భూమి మీద తమ హక్కు కోసం ఇంకా ప్రభుత్వంతో మాట్లాడుతూనే ఉన్నారు. 2016లో సూత్రప్రాయంగా ఒక ఒప్పందం మీద సంతకాలయ్యాయి. మనకు ఎవరూ లేనట్టు కనిపించే చోట వాళ్ళకు అడుగడుగునా ఇరుగుపొరుగే ఉండేది.

ఈ ఆలోచనలతో నేను చాలాసేపు నేల మీద కూర్చున్నానేమో, అమ్మాయి వచ్చి, "మామయ్యకి ఫోన్ చెయ్యి నాన్నా, ఎవరు ఏం తెస్తున్నారో అడుగు," అంది.

చేశాను.

"ఏరా, గొడ్డలి నువ్వు తెస్తున్నావా?"

"తెస్తున్నా బావా. అయినా నువ్వూ ఒకటి పడెయ్, దేనికైనా మంచిది."

"స్టవ్వు?"

"తెస్తున్నా. నీదీ పట్రా. ఏమో, నాది వెలక్కపోతే?"

అలా చెప్పుకుంటూ పోతే రెండు గొడ్డళ్ళు, రెండు స్టవ్వులు, రెండు పెద్ద టార్పాలిన్లు, రెండు ఫస్ట్ ఎయిడ్ పెట్టెలు, నాలుగు టూత్‌పేస్టులు, రెండు ఇళ్ళల్లోంచి రెండు పసుపు డబ్బాలు తేలాయి. పైగా వాడు అరలీటరు నీళ్ళ బాటిళ్ళు 24 ఉన్న పెట్టె కొన్నాడు. అంటే 12 కిలోల నీళ్ళు, చుట్టూ నీళ్ళే ఉన్న చోటికి. సరస్సు నీళ్ళు నేరుగా తాగితే జియార్డియా అనే సూక్ష్మజీవి కడుపు పాడుచేస్తుంది, ఇక్కడివాళ్ళు దాన్ని బీవర్ జ్వరం అంటారు. నిమిషం పాటు తెర్లకాచినా, చెయ్యంత లేని ఫిల్టరులోంచి వడకట్టినా చాలు. అదీకాక ఆ బాటిళ్ళని లోపలికి రానివ్వనే రానివ్వరు. ఇదంతా చెప్పాక వాడు, "సరే బావా, ఫిల్టరు తెస్తున్నా. నువ్వూ ఒకటి..." అన్నాడు.

వాడు మంచివాడు. రాత్రి రెండింటికి ఎయిర్‌పోర్టుకి రమ్మన్నా వస్తాడు. కానీ పదిహేనేళ్ళుగా ఈ దేశంలో ఎవరి గరాజులో వాళ్ళ గడ్డి కోసే యంత్రం, ఎవరి గోడకి వాళ్ళ నిచ్చెన పెట్టుకుని బతికాం. ఒకే వీధిలో నలభై ఇళ్ళకి నలభై డ్రిల్లింగ్ మిషన్లుంటాయి. ఏడాదికి పది నిమిషాలు కూడా తిరగవు. అడగడం అంటే మొహమాటం, ఇవ్వడం అంటే గుర్తు పెట్టుకుని తిరిగి అడగాల్సిన తలనొప్పి. ఆ అలవాటే ఇద్దరం అడవికీ మూటగట్టుకున్నాం. నలుగురం ఒకే చోట పడుకుని ఒకే పొయ్యి మీద తింటాం, అయినా రెండు సంసారాలు ఒకటి రెండోది రానట్టే సర్దుకుంటున్నాయి. లోపలి అడవిలో పొరుగువాళ్ళు ఉండరని బెంగపడుతూ, వెంట వస్తున్న పొరుగువాళ్ళని లెక్కలోంచి తీసేశాం.

ఆ సాయంత్రం అమ్మాయి ఒక కాగితం తీసి, నలుగురికీ కలిపి ఒకటే చిట్టా రాసింది. స్టవ్వు వాళ్ళది, గ్యాసు డబ్బాలు మావి. గొడ్డలి వద్దు, మడత రంపం ఒకటి చాలు. టూత్‌పేస్టు ఒకటి. రెండు ఉంచినవి మూడే: ఫిల్టరుకి తోడు శుద్ధి మాత్రలు, నిప్పుకి తోడు ఇంకో లైటరు, మా అమ్మ మాట మీద ఉప్పు. తెడ్లు మాత్రం కనూకి ఒకటి అదనం, అది తప్పదు. నడి సరస్సులో తెడ్డు విరిగితే చేత్తో తోసుకుంటూ రావాలి. చట్టం అడిగేవి ఎలాగూ ఉండాలి: మనిషికో లైఫ్ జాకెట్, విజిల్, నీళ్ళు తోడిపోసే చెంబు, నీటి మీద తేలే 15 మీటర్ల తాడు. కనూ లేక్‌లోనే 1917 జూలైలో టామ్ థామ్సన్ అనే పేరున్న చిత్రకారుడు చనిపోయాడు. ఆ నీళ్ళ మీద ఏళ్ళతరబడి తిరిగినవాడు. ఎలా పోయాడన్నదాని మీద ఇప్పటికీ పుస్తకాలు వస్తూనే ఉన్నాయి. మా ఆవిడ ఆ కథ ఎక్కడో చదివి, లైఫ్ జాకెట్లు తనే తీసి కారులో అన్నింటికంటే ముందు పెట్టింది.

బట్టల దగ్గర కొద్దిగా గొడవ జరిగింది. నూలు బట్టకి మించింది లేదని పెరిగినవాణ్ణి నేను. ఇక్కడ సెప్టెంబరు రాత్రులు పది డిగ్రీల కిందికి దిగుతాయి. తడిసిన నూలు ఆరదు, ఒంటి వేడిని లాగేస్తుంది. కాబట్టి లుంగీలు పోయాయి, ఉన్ని మేజోళ్ళు వచ్చాయి. గళ్ళ తువ్వాలు ఒక్కదాని కోసం మాత్రం పట్టుబట్టాను. మడతపెట్టి కుదురులా చుడితే కనూ అడ్డకర్ర కింద మెడ ఒరుసుకుపోదు, వేడిగిన్నె దించడానికి మసిగుడ్డ అవుతుంది, ఎండకి తలపాగా అవుతుంది. అమ్మాయి దాన్ని చేత్తో తూచి, సరే అంది. ఆ రోజు నాకు దక్కిన ఒకే ఒక గెలుపు.

తిండి దగ్గర మాత్రం మేం ఎవర్నీ అడగక్కర్లేదు. ఎండబెట్టడం, వేయించడం, పొడికొట్టడం, ఊరబెట్టడం, ఇవి మనవాళ్ళకి ఒకళ్ళు నేర్పాలా? దుకాణంలో కనూవాళ్ళ కోసం అమ్మే ఎండు భోజనం పొట్లం ఒక్కొక్కటీ పదిహేను డాలర్లు. లోపల ఉన్నది వేడినీళ్ళు పోస్తే ఉబ్బే నూడుల్సు. మా ఆవిడ వాటిని తిప్పి చూసి కింద పెట్టేసింది. అటుకులు, వేయించిన రవ్వలో ఉప్మాకి కావలసినవన్నీ కలిపి కట్టిన పొట్లాలు, పులిహోర గుజ్జు, కందిపొడి, సున్నుండలు, మామిడి తాండ్ర. కందిపప్పుకి కుక్కర్ కావాలి, కుక్కర్ రెండు కిలోల పైన. దానికి ఉపాయం చేసింది: టమాటా పప్పు ఇంట్లోనే మెత్తగా వండి, డీహైడ్రేటర్ పళ్ళాల మీద పల్చగా పులిమి రాత్రంతా ఆరబెట్టింది. పొద్దున్నకి వడియాల్లా పెళుసుగా లేచాయి. గుప్పెడు రేకులు గిన్నెలో వేసి మరిగే నీళ్ళు పోసి మూత పెడితే పావుగంటలో మళ్ళీ పప్పే. రుచి చూసి అమ్మాయి, క్యాంపులో ఇన్నేళ్ళూ తను తిన్నదంతా ఏమిటని అడిగింది. ప్లాస్టిక్ డబ్బాలోకి మారిన ఆవకాయ మీద నూనె తేరేలా చూసి, డబ్బా మీద ఒక సంచీ, దాని మీద ఇంకో సంచీ కట్టింది.

ఎందుకంటే ఎలుగుబంట్లు. ఇక్కడివి నల్ల ఎలుగులు, మామూలుగా మనిషిని చూస్తే తప్పుకునేవే. వాటికి కావలసింది మన తిండి. ఒక్కసారి సులువుగా దొరికిందంటే అలవాటు పడతాయి, ఆ తర్వాత నష్టపోయేది చాలావరకు ఎలుగే. అందుకని తిండిని చెట్టుకి కనీసం నాలుగు మీటర్ల ఎత్తున, మానుకి రెండు మీటర్ల ఎడంగా వేలాడదీయాలి. లేదా ఇనప పట్టీతో బిగించే నీలం రంగు ప్లాస్టిక్ పీపాలో పెట్టి గుడారానికి దూరంగా ఉంచాలి. తినేవే కాదు, వాసన వచ్చేదేదైనా సరే. సబ్బు, టూత్‌పేస్టు, పెదాలకి రాసుకునేది. ఇంగువ డబ్బా మూత తీసి వాసన చూసిన అమ్మాయి మొహంలో నిజమైన భయం కనిపించింది. మా బావమరిది జేబులో ఎప్పుడూ ఉండే అమృతాంజనం సీసా కూడా పీపాలోకే పోవాలని తీర్మానించాం. మందు కనక సీసా నిబంధన నుంచి తప్పించుకుంది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టినది కూడా 1893లోనే, ఈ పార్కు పుట్టిన ఏడే. దీనివల్ల ఎవరికీ ఏ ప్రయోజనమూ లేదు. నాకు సంతోషం, అంతే.

అన్నీ అయ్యాక మా ఆవిడ తన వంతుగా ఒకటి కొని తెచ్చింది. శాటిలైట్ మెసెంజర్. 100 గ్రాముల యంత్రం. లోపల సెల్‌ఫోనుకి సిగ్నల్ ఉండదు. ఇది మాత్రం ఆకాశంలోని ఉపగ్రహంతో మాట్లాడుతుంది. ఎర్ర మీట నొక్కితే మనమెక్కడున్నామో తెలిసి రక్షించేవాళ్ళు బయలుదేరతారు. కాసేపు అనుకున్నాను, ఇదొక్కటీ ఉంటే మిగతా సామాను సగం తీసెయ్యొచ్చు కదా, అడగడానికి ఒకరు దొరికారు కదా అని. కానీ దాన్ని ప్రాణం మీదికొచ్చినప్పుడే అడగాలి. హెలికాప్టరు ఇస్తుంది గానీ పొడి మేజోళ్ళ జత ఇవ్వదు, గ్లాసెడు పాలు ఇవ్వదు. మనం రోజూ ఒకళ్ళనొకళ్ళు అడుక్కునేవి అన్నీ ఆ చిన్న చిన్నవే. సంచీ బరువంతా వాటిదే. యంత్రాన్ని లైఫ్ జాకెట్ జేబులో పెట్టి జిప్పు వేశాను. సంచీలోంచి ఏదీ తియ్యలేదు.

ఇక మిగిలింది చిట్టాలో ఆఖరి గీత. అది తీసుకెళ్ళేది కాదు, వదిలి వెళ్ళేది. ఏ సరస్సు మీదుగా పోతున్నాం, ఏ రాత్రి ఎక్కడ, మనుషులెందరు, కనూలు ఏ రంగువి, ఎప్పటికి తిరిగొస్తాం, ఆ వేళ దాటి ఎంతసేపటికి ఎవరికి ఫోను చెయ్యాలి, ఇవన్నీ రాసి నమ్మకమైన మనిషి చేతిలో పెట్టాలి. మా ఆవిడ ఉంది కదా అన్నాను. అమ్మ కంగారులో అరగంట ఆలస్యమైనా పోలీసుల్ని పిలుస్తుంది, వేరేవాళ్ళు కావాలి అంది అమ్మాయి. కాగితం పట్టుకుని ఎదురింటి పోర్చుగీసు పెద్దావిడ దగ్గరికి వెళ్ళాను. ఇన్నేళ్ళలో ఆవిడ తలుపు నేను తట్టింది పార్సిళ్ళు మారిపోయినప్పుడే. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివింది. ఎదురుగాలి వీస్తే పడవ ఆలస్యమవుతుంది, అందుకే మంగళవారం మధ్యాహ్నం పన్నెండు దాకా ఆగి, అప్పటికీ ఫోను రాకపోతే పోలీసులకి చెప్పమని వివరించాను.

"సంతోషంగా చేస్తాను. కానీ మంగళవారం పన్నెండింటికి నాకు కంటి డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ ఉంది," అంది. "మందు వేస్తారు, గంటసేపు నాకేమీ కనపడదు. మీరు రెండింటికి తప్పిపోతే కుదురుతుందా?"

కాగితం మీద పన్నెండు కొట్టేసి రెండు అని రాశాను.